కలక నీటిలో ఏ కెమెరా?

విశాఖ దగ్గరి రుషికొండలో మొదటిసారి స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున తిరగడం) చేసి ఒడిశాలోని బరంపురం తిరిగొచ్చినవాళ్ల ఫోన్లు చూస్తే దాదాపు ఒకే ఫొటో కనిపిస్తుంది. అంతా ఆకుపచ్చ. ఆ పచ్చలో మసక మసగ్గా ఒక మనిషి, మాస్కు వెనక కళ్లు తెరిచే ఉన్నాడో లేదో తెలియదు. చుట్టూ పిండి జల్లినట్టు తెల్ల చుక్కలు. చూసినవాళ్లు మొదట అనే మాట “కెమెరా మంచిది కాదేమో” అని. ఆ మాట పట్టుకుని ఇంకో పదిహేను వేలు వేసి, ఎక్కువ మెగాపిక్సెళ్లు ఉన్నది కొంటారు. మరుసటి ఏడు మళ్లీ వెళ్తారు. మళ్లీ అదే పచ్చ, అవే చుక్కలు. కాకపోతే ఈసారి చుక్కలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ఇందులో కెమెరా తప్పు తక్కువ, నీటి మహిమ ఎక్కువ. మన డైవింగ్ ఎక్కువగా ఏ నీటిలో జరుగుతుందో ఆలోచించకుండా, పెట్టె మీద రాసిన లోతు అంకె, మెగాపిక్సెళ్ల అంకె చూసి కొనడం దగ్గరే గాడి తప్పుతుంది.

గంజాం జిల్లా తెలుగువాళ్లకి సముద్రం కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురంలోనూ, గోపాలపూర్ చుట్టుపక్కల తీర గ్రామాల్లోనూ, బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపూర్ వైపూ తెలుగు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇంటి భాష. గోపాలపూర్, పూరీ ఒడ్డుల్లో స్నానాలకు దిగినవాళ్లని కాపాడే నోలియాల్లో చాలామంది తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలవాళ్లే. అయితే ఈ పరిచయమంతా నీటి పైభాగంతో. అడుగు చూడాలని సరదాపడే కుర్రకారు రైలెక్కి విశాఖ వైపు వెళ్తారు. నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాళ్లు ఎప్పుడో ఒకసారి అండమాన్ వెళ్తారు. అంటే ఇక్కడి డైవర్‌కి రెండు రకాల నీళ్లు ఎదురవుతాయి. ఒకటి నదులు తెచ్చే ఒండ్రుతో, పాచితో పచ్చగా ఉండే బంగాళాఖాతం కలక నీరు. చాలా రోజుల్లో నాలుగైదు మీటర్ల దూరం కనబడితే అదే అదృష్టం. రెండోది అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ లాంటి చోట ఇరవై మీటర్ల అవతలి చేప కూడా కనిపించే తేట నీరు. ఈ రెండింటికీ సరిపోయే కెమెరా ఒకటే అని చెప్పడం కష్టం. ఏడాదికి రెండుసార్లు విశాఖ, ఐదేళ్లకోసారి అండమాన్ వెళ్లే మనిషి అండమాన్ వీడియోలు చూసి కెమెరా కొనుక్కోవడమే అసలు చిక్కు.

నీళ్లు ఫొటోని ఎలా మింగేస్తాయి

నీటిలోకి దిగిన వెలుతురులో ముందు పోయేది ఎరుపు. ఐదు మీటర్లు దాటేసరికి ఎరుపు చాలావరకు ఆరిపోతుంది. పది మీటర్ల దగ్గర నారింజ రంగు, ఇరవై దాటితే పసుపు. తేట నీటిలో చివరికి మిగిలేది నీలం. కలక నీటిలో పాచి, కుళ్లిన ఆకుల నుంచి కరిగిన పదార్థాలు ఆ నీలాన్ని కూడా తినేసి పచ్చని మిగులుస్తాయి. అందుకే అండమాన్ ఫొటోలు నీలంగా, విశాఖ ఫొటోలు పచ్చగా వస్తాయి. ఎర్ర టీషర్టు వేసుకుని దిగినవాడు పది మీటర్ల దగ్గర తన చొక్కా చూసుకుంటే మసిగుడ్డలా ఉంటుంది. మన కళ్లు, మెదడు కలిసి కొంత సర్దుకుంటాయి కాబట్టి నీటిలో ఉన్నప్పుడు అంతగా తెలియదు. కెమెరా సర్దుకోదు. ఉన్నదున్నట్టు పట్టేస్తుంది.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఈ లెక్క లోతుకే కాదు, దూరానికీ వర్తిస్తుంది. ఎనిమిది మీటర్ల లోతున ఉన్న చేపని రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే, వెలుతురు పైనుంచి చేప దాకా ఎనిమిది మీటర్లు, చేప నుంచి లెన్స్ దాకా రెండు మీటర్లు, మొత్తం పది మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. అదే చేపకి జానెడు దూరంలోకి వెళ్తే ఆ రెండు మీటర్లలో ఎక్కువ భాగం మిగులుతుంది. పైగా నీటిలో వస్తువులు అసలు దూరంలో నాలుగింట మూడొంతుల దూరంలోనే ఉన్నట్టు, మూడో వంతు పెద్దగా ఉన్నట్టు కనిపిస్తాయి. నీటి వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33 కావడం వల్ల వచ్చే భ్రమ ఇది. కొత్త డైవర్ దగ్గరకి వెళ్లాననుకుంటాడు, నిజానికి ఇంకా దూరంగానే ఉంటాడు.

ఇక తెల్ల చుక్కలు. ఛత్రపూర్ దారిలో జనవరి పొగమంచులో బండి హైబీమ్ వేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. మంచు తెల్లటి గోడలా ఎదురు నిలుస్తుంది, రోడ్డు మాయమవుతుంది. కెమెరాకి అంటుకునే ఉన్న ఫ్లాష్ నీటిలో అదే పని చేస్తుంది. లెన్స్ ముందు తేలే ఒండ్రు రేణువుల మీద పడి తిరిగి లెన్స్‌లోకే కొడుతుంది. కాబట్టి కలక నీటిలో కెమెరాలో ఉన్న ఫ్లాష్‌ని ఆపేయడమే మేలు. వెలుతురు కావాలంటే విడి లైటు కావాలి. దాన్ని లెన్స్‌కి ఒక మూర దూరంలో, చిన్న చెయ్యి లాంటి కడ్డీ మీద, పక్కనుంచి పడేలా పెట్టాలి. అప్పుడు లైటు అంచు మాత్రమే చేపని తాకుతుంది. లెన్స్‌కీ చేపకీ మధ్య ఉన్న రేణువుల మీద తక్కువ పడుతుంది.

వీటన్నిటి నుంచీ కెమెరా కొనేవాడికి పనికొచ్చే ముక్క ఒకటే తేలుతుంది. కలక నీటిలో ఫొటో రావాలంటే వస్తువుకి బాగా దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గర్లో ఫోకస్ పట్టగలిగే కెమెరా కావాలి. ఈ గుణం గురించి అమ్మేవాళ్లు మాట్లాడరు, కొనేవాళ్లు అడగరు. యాక్షన్ కెమెరాల్లో (గోప్రో లాంటి, చేతిలో ఇమిడే చిన్న వీడియో కెమెరాల్లో) చాలావాటికి ఫోకస్ ఒకే చోట బిగించేసి ఉంటుంది. సుమారు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా వెళ్తే మసకేస్తుంది. అంటే ఏ దూరంలో ఫొటో బాగా వస్తుందో, సరిగ్గా అక్కడే అది చేతులెత్తేస్తుంది. తేట నీటిలో ఇది పెద్ద లోపం కాదు. పగడాల గుట్ట, తాబేలు, తోటి డైవర్, పైనున్న పడవ అన్నీ వెడల్పు దృశ్యాలే కాబట్టి యాక్షన్ కెమెరా అక్కడ రాజాలా పనిచేస్తుంది. విశాఖ దగ్గరి రాళ్ల సందుల్లో ఉండే పీత, రొయ్య, చిన్న నత్త లాంటివాటి దగ్గర తడబడుతుంది.

పది మీటర్లు అంటే పది మీటర్లేనా

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న “ఎంత లోతు తీసుకెళ్లొచ్చు?” అని. జవాబు పెట్టె మీదే ఉంటుంది, కానీ ఆ జవాబుని ఎలా చదవాలో పెట్టె మీద ఉండదు.

ముందు డైవర్ ఎంత లోతు వెళ్తాడో చూడాలి. స్కూబా శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ పాడి (PADI) నియమాల్లో, ఒక రోజు సరదాగా చేసే డిస్కవర్ స్కూబాకి హద్దు 12 మీటర్లు. ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసిన పెద్దవాళ్లకి 18. అడ్వాన్స్‌డ్ చేస్తే 30. ప్రతి పది మీటర్లకి ఒక వాతావరణ పీడనం చొప్పున అదనంగా పడుతుంది. 18 మీటర్ల దగ్గర కెమెరా తలుపు మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు.

ఇప్పుడు కెమెరాలు. గోప్రో హీరో 12, 13 రెండూ హౌసింగ్ (కెమెరాలోకి నీళ్లు దూరకుండా చుట్టూ మూసి ఉంచే గట్టి పెట్టె) లేకుండా 10 మీటర్లే. అంటే డిస్కవర్ స్కూబా హద్దుకి కూడా చాలవు. వాటికి 60 మీటర్ల హౌసింగ్ విడిగా కొనాలి. డీజేఐ ఆస్మో యాక్షన్ 4 హౌసింగ్ లేకుండా 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రో 20 మీటర్లు. ఇన్‌స్టా360 ఏస్ ప్రో 2 అయితే 12. ఓఎం సిస్టమ్ వాళ్ల టఫ్ టీజీ-7, దాని ముందు వచ్చిన ఒలింపస్ టీజీ-6 రెండూ 15 మీటర్లు. వాటి హౌసింగ్ వేస్తే 45. సీలైఫ్ మైక్రో 3.0 పూర్తిగా మూసేసిన పెట్టె. తెరవడానికి తలుపే ఉండదు, కార్డు వేయడానికి సందు ఉండదు, 60 మీటర్ల దాకా వెళ్తుంది.

ఈ అంకెలు కొత్త కెమెరావి, తలుపుల రబ్బరు తాజాగా ఉన్నప్పటివి. రెండేళ్ల వాడకం తరువాత, మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద నాలుగుసార్లు కాలిన తరువాత అదే రబ్బరుకి అంత పట్టు ఉండదు. 18 మీటర్ల కెమెరాని 18 మీటర్లకి తీసుకెళ్లడం, పది మందిని మోయగల లిఫ్టులో సరిగ్గా పదో మనిషిగా రోజూ ఎక్కడం లాంటిది. ఒక్కరోజు ఏమీ కాదు. రోజూ అయితే టెన్షనే. చిన్న నియమం పెట్టుకుంటే బాగుంటుంది. హౌసింగ్ లేకుండా ఉన్న అంకెలో మూడింట రెండొంతుల లోతు దాటకూడదు. అంతకంటే లోతుకి హౌసింగ్ ఉండాలి.

ఫోన్ల సంగతి ఇంకో రకం. దుమ్ముకీ నీళ్లకీ తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అనే ముద్ర ఉంటే చాలు సముద్రంలో దించేయొచ్చనుకుంటారు. ఐఫోన్ 12 నుంచి వచ్చిన చాలా మోడళ్లకి ఆపిల్ చెప్పేది ఆరు మీటర్ల లోతున అరగంట. శాంసంగ్ గెలాక్సీ ఎస్ శ్రేణికి ఒకటిన్నర మీటర్లు, అదీ మంచినీటిలో. ఇవన్నీ ప్రయోగశాలలో కదలని నీటి మాటలు. ఉప్పునీరు, కెరటం విసురు ఆ పరీక్షలో లేవు. నీళ్లు దూరితే వారంటీ వర్తించదని కంపెనీలే రాస్తాయి. మెడలో వేలాడదీసుకునే ప్లాస్టిక్ సంచుల్లో ఫోను పెట్టి డైవింగ్‌కి దిగేవాళ్లూ ఉన్నారు. ఆ సంచి గోపాలపూర్ ఒడ్డున మోకాలి లోతు నీళ్లకి బాగానే ఉంటుంది. ఐదారు మీటర్లు దిగితే సంచి ఫోనుకి అతుక్కుపోతుంది. తెర తనంతట తానే ఏవో యాప్‌లు తెరుస్తూ పోతుంది, ఫొటో మాత్రం తీయదు.

ఏది కొనాలి, ఎంత పెట్టాలి

అన్నిటికంటే చవకైనది హౌసింగ్‌తో కలిపి వచ్చే చిన్న యాక్షన్ కెమెరాలు. ఎస్‌జేక్యామ్, అకాసో లాంటి పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బా మీద 30 మీటర్లని రాస్తారు. మొదటి నాలుగైదు డైవ్‌లకి, వీడియో అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇవి చెడ్డవేమీ కావు. మసక వెలుతురులో గింజలు గింజలుగా వస్తుంది, రంగు సరిగా ఉండదు. కానీ ఒక లాభముంది. నీళ్లు దూరి పోయినా గుండె ఆగిపోయేంత నష్టం కాదు. ఇంతకుమించి వీటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఫోను పెట్టుకునే గట్టి హౌసింగ్‌లు ఇంకో దారి. సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ 40 మీటర్ల దాకా, డైవ్‌వోల్క్ సీటచ్ 60 మీటర్ల దాకా చెబుతాయి. మొదటిదానికి బటన్లు ఉంటాయి, రెండోదానికి తెర మీదే వేలు ఆడించే పొర ఉంటుంది. ఇప్పటి మంచి ఫోన్ల కెమెరా చాలా చిన్న డిజిటల్ కెమెరాల కంటే బాగుంటుంది కాబట్టి ఈ ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. సందేహం వేరేచోట ఉంది. సరిహద్దు జిల్లాల్లో ఫోను అంటే ఒక కెమెరా మాత్రమే కాదు. బ్యాంకు అదే, యూపీఐ అదే, రైలు టికెట్ అదే, ఇంటికి ఫోన్ చేసేదీ అదే. విశాఖ నుంచి రాత్రి రైలుకి బరంపురం వెళ్లాల్సిన మనిషి పగలు రెండో డైవ్‌లో దాన్ని ముంచుకుంటే ఆ రాత్రి గడిచేదెట్లా? ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను, కెమెరా బాగున్నది, ఒకటుంటే దానికి హౌసింగ్ కొనడం తెలివైన పని. అయితే హౌసింగ్ ఆ ఫోను కొలతలకి సరిపోతుందో ముందే చూసుకోవాలి.

మధ్యతరగతి బడ్జెట్‌లో నిజమైన పోటీ రెండిటి మధ్యే. ఒకవైపు ఆస్మో యాక్షన్, గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు. ఇంకోవైపు టీజీ శ్రేణి. అమెరికాలో విడుదలైనప్పటి ధరలు చూస్తే తేడా తెలుస్తుంది. హీరో 12, ఆస్మో యాక్షన్ 4 రెండూ సుమారు 400 డాలర్లు. 2024లో వచ్చిన యాక్షన్ 5 ప్రో 350. టీజీ-7 మాత్రం 550. మన దేశంలో పన్నులు, దిగుమతిదారు, పండగ ఆఫర్లు కలిసి ఈ అంకెలు ఎటో వెళ్తాయి. కానీ ఎక్కువ తక్కువల వరస దాదాపు ఇదే.

రెండో దానికి ఆ అదనపు డబ్బు ఎందుకంటే, టీజీ లెన్స్ ముందు అంచుకి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువుని కూడా పదునుగా తీస్తుంది. దీనికి మైక్రోస్కోప్ మోడ్ అని పేరు. రాతికి అంటుకున్న గోరంత నత్తని తెర నిండా చూపిస్తుంది. జూమ్ ఉంది, రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా తన మార్పులు చేయని ఫొటోలు ఇస్తుంది, కాబట్టి పచ్చదనాన్ని ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు. వీడియోలో మాత్రం యాక్షన్ కెమెరా ముందు తేలిపోతుంది. ఊగిసలాటని సర్దడంలో, వెడల్పు చూపడంలో దీనికి అంత సత్తా లేదు.

కాబట్టి తీర్పు ఇది. బంధువులకి, స్నేహితులకి చూపించడానికి “నేను నీటిలో ఉన్నాను” అనే వీడియో కావాలనుకుంటే, లేదా అండమాన్ మీదే మనసు ఉంటే, 18 నుంచి 20 మీటర్ల యాక్షన్ కెమెరా చాలు. అంతకుమించి ఖర్చు దండగ. విశాఖ నీటిలో పదే పదే దిగుతూ అక్కడి చిన్న ప్రాణులని ఫొటోలు తీయాలనే పిచ్చి పట్టినవాళ్లకి టీజీ-6 పాతదైనా సరే మేలు. 2019 నాటిదైనా టీజీ-7కీ దానికీ నీటి అడుగున పనితనంలో పెద్ద తేడా లేదు. సీలైఫ్ మైక్రో మంచి ఆలోచనే. కొత్తవాళ్లు ముంచేది సాధారణంగా తలుపు దగ్గరే, దీనికి తలుపే లేదు. కానీ బ్యాటరీ బలహీనపడితే మార్చుకోలేం, లోపల 64 జీబీ నిండితే కార్డు మార్చి వేసుకోలేం.

ఇక డబ్బు పంచుకోవడం. బడ్జెట్ 40 వేలు అనుకుందాం. మొత్తం 40 వేలూ కెమెరా మీదే పెట్టేవాళ్లు చివరికి ఇబ్బంది పడతారు. అందులో 25 వేలు కెమెరాకి, మిగతాది హౌసింగ్, వీడియో లైటు, చేతికి కట్టుకునే తాడు, అదనపు బ్యాటరీ, 128 జీబీ కార్డుకి పెడితే ఫొటోలో తేడా కనిపిస్తుంది. 4కే వీడియోని సెకనుకి 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకి 45 జీబీ పోతుంది. అందుకని చిన్న కార్డుతో వెళ్లడం వృథా. లైటు కనీసం వెయ్యి ల్యూమెన్లు, వెలుగు వెడల్పుగా పరుచుకునేది కావాలి. సన్నగా గురి పెట్టే టార్చి నడిమధ్యలో తెల్లటి మచ్చ పెట్టి చుట్టూ చీకటి వదిలేస్తుంది. ఎర్ర ఫిల్టర్లు తేట నీలి నీటికి, మజెంటా ఫిల్టర్లు పచ్చ నీటికి అని అమ్ముతారు. సూత్రం సరైనదే, కానీ ఫిల్టర్ వెలుతురుని తగ్గిస్తుంది. కలక నీటిలో వెలుతురే తక్కువ. అక్కడ ఫిల్టర్ డబ్బు లైటు మీద పెట్టడమే నయం. లైటు వేసినప్పుడు ఫిల్టర్ తీసేయాలి, లేకపోతే ఫొటో కుంకుమ ఒలికినట్టు వస్తుంది.

పాతది కొనడం తప్పు కాదు. కానీ బిల్లు లేని సరుకు, విదేశం నుంచి బ్యాగులో తెచ్చిన సరుకు అని చెప్పి మూడు వేలు తగ్గించేవాళ్ల దగ్గర జాగ్రత్త పడాలి. ఆ కెమెరాకి ఇక్కడ వారంటీ దొరకకపోవచ్చు. బరంపురం నుంచి మరమ్మతుకి పంపాలంటే భువనేశ్వరో, విశాఖో, ఇంకా దూరమో కొరియర్ చేయాలి. ఆ ఖర్చు, ఆ ఎదురుచూపు ముందే లెక్కలో వేసుకోవాలి.

చేతిలో కెమెరా, మనసులో ఏముండాలి

కెమెరా ఏదైనా సరే మొదటి డైవ్‌లో వద్దు. శిక్షకులు ఊరికే చాదస్తంగా చెప్పే మాట కాదిది. నీటిలో పైకి తేలిపోకుండా, కిందికి మునిగిపోకుండా ఒకే చోట నిలబడగలగడాన్ని డైవర్లు బోయన్సీ కంట్రోల్ అంటారు. అది ఇంకా రాని మనిషి చేతికి కెమెరా ఇస్తే మూడు పనులు ఒకేసారి చెడతాయి. తెరలో చూస్తూ గాలి గేజ్ చూడడం మరిచిపోతాడు. తోటివాడు ఎటు వెళ్లాడో తెలియదు. కాళ్లకి తొడిగిన ఫిన్లు అడుగు ఇసుకని తన్ని నీటిని ఇంకా కలక చేస్తాయి. వెనక వచ్చేవాళ్ల ఫొటోలు కూడా పోతాయి. పూల్‌లో రెండుసార్లు, సముద్రంలో నాలుగైదుసార్లు దిగాక, చేతులు ముడుచుకుని ఒక నిమిషం కదలకుండా నిలబడగలిగితే అప్పుడు కెమెరా చేతికి తీసుకోవచ్చు. డిస్కవర్ స్కూబా చేసేవాళ్లకి అక్కడి గైడే వీడియో తీసి ఇస్తే అంతకంటే మంచి బేరం ఉండదు.

తాడు గురించి ఒక మాట. ఈత కొట్టేవాళ్ల కోసం అమ్మే పసుపు రంగు తేలే పిడి స్కూబాలో మణికట్టుని ఎప్పుడూ పైకి లాగుతూ విసిగిస్తుంది. చేతి నుంచి జారితే కెమెరా పైకి పారిపోతుంది. దాన్ని పట్టుకుందామని గబగబా పైకి లేస్తే ప్రాణం మీదికొస్తుంది. స్కూబాకి స్ప్రింగులా చుట్టుకునే తాడు, చివర కొక్కెం ఉన్నది, జాకెట్ రింగుకి తగిలించుకోవడం మంచిది. రెండు చేతులూ అవసరమైనప్పుడు వదిలేసినా ఎక్కడికీ పోదు.

అడుగున ఉన్నవాటిని తాకకూడదు, జరపకూడదు, ఫొటో కోసం తిప్పకూడదు. రాతి పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఇంకో సంగతి గంజాం వాళ్లకే ప్రత్యేకం. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయి. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు చేపల వేట ఆపేస్తారు. తమ పడవలు కట్టేసుకున్న ఊళ్ల ముందు కొత్త కెమెరా పట్టుకుని తాబేళ్ల మీద లైట్లు వేస్తూ తిరగడం బాగుండదు. రాత్రి ఒడ్డు మీద లైటు వేస్తే గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలు వెనక్కి తిరిగిపోతుంది.

ఒక వెంట్రుక కథ

నీళ్లు దూరిన కెమెరాల్లో ఎక్కువ భాగం లోతు వల్ల పోవు, ఓ-రింగ్ వల్ల పోతాయి. హౌసింగ్ తలుపు చుట్టూ ఉన్న ఆ సన్నని రబ్బరు చుట్టే నీటికీ కెమెరాకీ మధ్య ఉన్న గోడ. దాని మీద ఒక వెంట్రుక అడ్డంగా పడితే చాలు. పైకి చూస్తే తలుపు బిగుసుకున్నట్టే ఉంటుంది. దిగేటప్పుడు ఏమీ తెలియదు. తరువాత ఆ వెంట్రుక పక్కన ఉన్న కనిపించని సందులోంచి ఉప్పునీరు చుక్క చుక్కగా కారుతుంది. పైకి వచ్చేసరికి లోపల ఒక చెంచాడు నీళ్లు. ఆ చెంచాడు చాలు.

అందుకే డైవ్ సెంటర్‌లో, ఇసుక గాలికి ఎగురుతున్న ఒడ్డున తలుపు తెరవకూడదు. ముందు రాత్రి లాడ్జి గదిలో, ఫ్యాను ఆపి, ఏసీ ఉంటే ఏసీలో, చేతులు తుడుచుకుని పని మొదలుపెట్టాలి. ఓ-రింగ్‌ని వేళ్లతోనే తీయాలి, సూదితో కాదు. వెలుతురు వైపు పెట్టి వేళ్ల మధ్య చుట్టూ తిప్పితే వెంట్రుక, ఇసుక రేణువు, చొక్కా నూలు పోగు ఏదున్నా చేతికి తగులుతుంది. హౌసింగ్ కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత చాలు. ఓ-రింగ్ నిగనిగలాడాలి, జిడ్డుగా మెరవకూడదు. ఎక్కువ పూస్తే ఆ జిడ్డే ఇసుకని పట్టుకుంటుంది. అన్ని ఓ-రింగ్‌లకీ గ్రీజు పనికిరాదు. కొన్నింటికి పొడిగానే ఉండాలని కంపెనీలు రాస్తాయి. తలుపు మూసే ముందు ఒక సిలికా జెల్ పొట్లం లోపల వేస్తే లెన్స్ అద్దం మీద ఆవిరి పట్టదు. తీరంలోని చెమ్మగాలి హౌసింగ్‌లో బంధించి, పడవ మీద ఎండలో వేడెక్కించి, తరువాత చల్లటి నీటిలో ముంచితే ఆవిరి పట్టక ఏం చేస్తుంది?

డైవ్ అయ్యాక మంచినీటి బకెట్‌లో అరగంట నానబెట్టాలి. నీటిలోనే బటన్లన్నీ ఒకటి రెండుసార్లు నొక్కితే సందుల్లోని ఉప్పు బయటికి వస్తుంది. బయటికి తీసి పూర్తిగా ఆరాకే తలుపు తెరవాలి. తడిగా ఉండగా తెరిచినప్పుడు అంచు నుంచి జారే ఒక్క చుక్క నేరుగా బ్యాటరీ మీద పడుతుంది. ఇంత చేసినా నీళ్లు దూరితే వెంటనే ఆపేసి, బ్యాటరీ తీసేయాలి. ఫోను తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకుంది. ఉప్పునీటి విషయంలో అది పనికిరాదు. ఆరిపోయిన ఉప్పు లోపల తీగలని కొరుకుతూనే ఉంటుంది. మరమ్మతుదారు దగ్గరికి ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

కొత్తదైనా, పాతదైనా, హౌసింగ్ చేతికి రాగానే కెమెరా లేకుండా ఒక పరీక్ష చేయాలి. లోపల మడిచిన టిష్యూ కాగితం పెట్టి తలుపు బిగించాలి. తేలిపోకుండా పక్కన ఒక రాయి కట్టాలి. ముందు ఇంట్లో బకెట్‌లో గంటసేపు. తరువాత మొదటి డైవ్‌కి వెళ్లినప్పుడు కెమెరా గదిలో వదిలేసి, ఆ ఖాళీ హౌసింగ్‌నే జాకెట్‌కి తగిలించుకుని అడుగు దాకా తీసుకెళ్లాలి. పైకి వచ్చాక మంచినీటితో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టి, మూత తీసి ఆ టిష్యూని పెదాలకి ఆనించి చూడాలి. చేతికి తెలియని చెమ్మ పెదాలకి తెలుస్తుంది.